అటక మీది టాపర్

ఈ సంచికకి ఒక జీవిత కథ రాయమని ఎడిటర్ అక్క అడిగినప్పుడు, సీఎస్ఈ వాణ్ణి కాబట్టి ట్యూరింగ్ గురించి రాస్తానని అందరూ అనుకున్నారు. నేనూ అదే అనుకున్నా. కానీ ఆగస్టులో మా కోడింగ్ క్లబ్ రిక్రూట్‌మెంట్‌లో జరిగిన ఒక విషయం వల్ల ప్లాన్ మారింది. అదేంటో చివర్లో చెప్తా. ముందు పెర్సీ జూలియన్ గురించి చెప్పాలి. (నర్సరీ నుంచీ ఇంగ్లిష్ మీడియమే నాది. ఒత్తులు ఎక్కడైనా తప్పితే ఎడిటర్ అక్క దిద్దేసే ఉంటుంది, ఆ క్రెడిట్ ఆమెదే.)

ఫస్టియర్‌లో కెమిస్ట్రీ మేడమ్ సిలబస్‌లో లేనిదేదో చెబుతూ ఈ పేరు ఒకసారి అని వదిలేశారు. పరీక్షకి రాదని తెలిసి మేమూ వదిలేశాం. రెండేళ్ల తర్వాత మళ్లీ ఆ పేరు కనబడితే చదవడం మొదలుపెట్టా, ఆపలేకపోయా.

పెర్సీ జూలియన్ 1899 ఏప్రిల్ 11న అమెరికాలో అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో పుట్టాడు. నల్లజాతి కుటుంబం. నాన్న రైల్వే మెయిల్‌లో గుమస్తా, అమ్మ టీచర్. ఆరుగురు పిల్లల్లో ఇతనే పెద్ద. తాతలు బానిసలుగా బతికినవాళ్లు. బానిసకి చదువు నేరం అనుకునే రోజుల్లో చదవడం, రాయడం నేర్చుకున్నందుకు తాత చేతి వేళ్లు రెండు నరికేశారు. అలాంటి ఇంట్లో చదువంటే ఏంటో మనం ఊహించుకోవచ్చు. మార్కులు తగ్గితే మనింట్లో వైఫై ఆపేస్తారు. వాళ్లింట్లో చదువు వెనకాల రెండు వేళ్ల ఖరీదు ఉంది.

ఆ ఊళ్లో నల్లజాతి పిల్లలకి ప్రభుత్వ బడి ఎనిమిదో తరగతితో అయిపోయేది. పైన చదవాలంటే టీచర్ ట్రైనింగ్ కోసం పెట్టిన ఒక స్కూలు తప్ప దారి లేదు. జూలియన్ అక్కడే చదివాడు. పన్నెండేళ్ల వయసులో ఒకసారి అడవిలో నడుస్తుంటే చెట్టుకి వేలాడుతున్న ఒక నల్లజాతి మనిషి శవం కనిపించింది. గుంపుగా వచ్చి చంపేసి వెళ్లారు. అప్పుడు అక్కడ అలాంటివి జరిగేవి.

1916లో కాలేజీకి బయల్దేరాడు. అలబామా నుంచి ఉత్తరాన ఇండియానా రాష్ట్రంలో గ్రీన్‌కాసిల్ అనే చిన్న ఊరు, అందులో డిపావ్ యూనివర్సిటీ. స్టేషన్‌కి ఇంటిల్లిపాదీ వచ్చారు. తాత కూడా వచ్చి, వేళ్లు తెగిన ఆ చెయ్యే ఊపి సాగనంపాడు.

ఇక్కడ ఒక విషయం చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. అమెరికా కాలేజీల్లో ఫ్రాటర్నిటీలు ఉంటాయి. సినిమాల్లో చూసే ఉంటారు, గ్రీకు అక్షరాల పేర్లు, పెద్ద ఇల్లు, పార్టీలు. అసలు సంగతి పార్టీల కంటే ఎక్కువే. ఒక కాలేజీలో ఉన్న శాఖని చాప్టర్ అంటారు. కొత్తవాళ్లని పాత సభ్యులే ఓటేసి ఎంచుకుంటారు. చేరినవాళ్లు ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే బల్ల దగ్గర తింటారు, ఒకరినొకరు బ్రదర్ అని పిలుచుకుంటారు. డిగ్రీ అయ్యాక కూడా ఆ బంధం పోదు. ఉద్యోగాలు, పరిచయాలు అన్నీ అందులోంచే వస్తాయి. అమ్మాయిలకీ ఇలాంటివి ఉన్నాయి. కప్పా ఆల్ఫా థీటా అనే మహిళల ఫ్రాటర్నిటీ 1870లో పుట్టింది ఇదే కాలేజీలో. అంటే డిపావ్‌లో విద్యార్థి జీవితం చాలావరకు ఈ ఇళ్ల చుట్టూనే తిరిగేది. కానీ ఆ రోజుల్లో ఆ ఇళ్లలో సభ్యత్వం తెల్లవాళ్లకే.

జూలియన్ దిగిన మొదటి రోజుల్లో సమస్య చదువు కాదు, అన్నం. బస దొరికింది గానీ అక్కడ భోజనం పెట్టమన్నారు. ఊళ్లో నల్లజాతి వాడికి వడ్డించే చోటు వెతుక్కోవడానికి రోజు పైనే పట్టింది. పదిహేడేళ్ల పిల్లాడు, మొదటిసారి ఇల్లు వదిలాడు, చేతిలో అడ్మిషన్ ఉంది, కడుపులో ఏమీ లేదు. హాస్టల్‌లో మొదటి రాత్రి మెస్ కూర బాలేదని నేను అమ్మకి ఫోన్ చేసి ఏడ్చిన మాట ఇక్కడ ఒప్పుకుంటున్నా.

చివరికి ఒక ఫ్రాటర్నిటీ ఇంట్లో పని దొరికింది. బల్ల దగ్గర వడ్డించడం, చలికాలం ఇంటిని వెచ్చగా ఉంచే ఫర్నేస్‌లో బొగ్గు వెయ్యడం, చిల్లర పనులు. జీతం బదులు అక్కడే తిండి, పడుకోడానికి అటక. మనిళ్లల్లో పాత గిన్నెలు, కొలువు బొమ్మలు పెట్టుకునే అటక గుర్తు తెచ్చుకోండి. అక్కడి అటక మనదాని కంటే పెద్దదే, మనిషి నిలబడొచ్చు. కానీ పేరు అదే, వాడకమూ అదే. రోజూ అవసరం లేనివి ఉంచే చోటు.

ఒకసారి ఆ ఇంటిని మనసులో గీసుకోండి. కింద హాల్లో బ్రదర్స్ తింటున్నారు. వాళ్ల క్లాస్‌మేట్ వాళ్ల ప్లేట్లలో వడ్డిస్తున్నాడు. భోజనాలయ్యాక అందరూ కలిసి చదువుకుంటారు, సీనియర్ జూనియర్‌కి చెప్తాడు. అతను ఫర్నేస్ చూసుకుని, మెట్లెక్కి పైకి వెళ్లి ఒక్కడే పుస్తకం తెరుస్తాడు. అందరి నెత్తిమీదా ఒకటే కప్పు. కానీ ఆ ఇంట్లో సభ్యుల లెక్క తీస్తే అతను అందులో ఉండడు.

చదువు కూడా మామూలు లోడ్ కాదు. అలబామాలో సరైన హైస్కూల్ చదువు దొరకలేదు కాబట్టి కాలేజీ అతన్ని ఫస్టియర్ కంటే ఒక మెట్టు కింద చేర్చుకుంది. కాలేజీ క్లాసులతో పాటు హైస్కూల్ పాఠాలు కూడా చదవాలి. మన దగ్గర డిప్లొమా చేసి ఈసెట్ రాసి నేరుగా సెకండియర్‌లోకి వచ్చేవాళ్లు తెలుసుగా. మిగతావాళ్లు ఫస్టియర్‌లో చదివేసిన మ్యాథ్స్ వాళ్లు సెకండియర్ సబ్జెక్టులతో పాటు లాక్కురావాలి. దాదాపు అలాంటిదే. దానికి తోడు వడ్డన, బొగ్గు.

1920లో డిగ్రీ పూర్తయింది. క్లాసులో ఫస్ట్ ఎవరంటే అటక మీద ఉన్నవాడు. వాలెడిక్టోరియన్ అంటారు, బ్యాచ్ టాపర్. ఫై బీటా కప్పాకి కూడా ఎన్నికయ్యాడు. పేరు చూస్తే ఇదీ ఫ్రాటర్నిటీయేనా అనిపిస్తుంది. నిజంగానే 1776లో వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో విద్యార్థుల రహస్య సంఘంగా మొదలైంది. గ్రీకు అక్షరాల పేర్లు పెట్టుకునే అలవాటు అక్కణ్ణుంచే వచ్చింది. తర్వాత అది ఇళ్లూ పార్టీలూ లేని గౌరవ సంఘంగా మారింది. చదువు చూసే తీసుకుంటుంది. అంటే ఒక గ్రీకు అక్షరాల సంఘంలో అన్నం వడ్డిస్తూ, ఇంకో గ్రీకు అక్షరాల సంఘంలో సభ్యుడయ్యాడు.

ఇది సినిమా అయితే ఇక్కడ చప్పట్లు పడి శుభం కార్డు వచ్చేది. నిజంలో ఏమైందంటే, తోటివాళ్లకి పీజీ ఫెలోషిప్‌లు వస్తున్నాయి, టాపర్‌కి రావట్లేదు. చివరికి ప్రొఫెసర్ బ్లాంచర్డ్ పెద్ద యూనివర్సిటీల నుంచి వచ్చిన జవాబులు చూపించారు. సారాంశం ఒకటే. నల్లజాతి వాడికి డాక్టరేట్ ఇచ్చినా ఉద్యోగం ఎవరూ ఇవ్వరు, ఎందుకు దండగ అని. మార్కులు సంపాదించడం అతని చేతిలో ఉంది కాబట్టి సంపాదించాడు. తలుపు తియ్యడం వేరేవాళ్ల చేతిలో ఉంది.

ఇక్కణ్ణుంచి మర్యాదగా ఆయన అంటా, టీచర్ అయ్యారు కాబట్టి. నల్లజాతి విద్యార్థుల కోసం నడిచే ఫిస్క్ యూనివర్సిటీలో రెండేళ్లు పాఠాలు చెప్పారు. తర్వాత హార్వర్డ్‌లో ఫెలోషిప్ వచ్చి 1923లో మాస్టర్స్ చేశారు. అక్కడ పీహెచ్‌డీ దాకా వెళ్లడానికి టీచింగ్ అసిస్టెంట్ పని కావాలి. తెల్ల విద్యార్థులు ఒప్పుకోరన్న భయంతో అది ఇవ్వలేదు. మళ్లీ పాఠాలు, వెస్ట్ వర్జీనియాలో, తర్వాత వాషింగ్టన్‌లోని హోవర్డ్‌లో. 1929లో ఇంకో ఫెలోషిప్ మీద ఆస్ట్రియాలోని వియన్నా వెళ్లి, ఎర్న్‌స్ట్ ష్పేట్ అనే కెమిస్ట్ దగ్గర చేరి 1931లో పీహెచ్‌డీ పూర్తి చేశారు. వియన్నాలో ఆయన మొదటిసారి మామూలు స్టూడెంట్‌లా బతికారు. ఫ్రెండ్స్ ఇళ్లలో భోజనాలు, ఆపెరా, స్కీయింగ్. అక్కడ బల్ల దగ్గర ఆయనకి కుర్చీ వేశారు. జోసెఫ్ పిక్ల్ అనే తోటి కెమిస్ట్ అయితే ఆయనతో కలిసి పనిచేయడానికి అమెరికా దాకా వచ్చేశాడు.

ఆయన్ని దేవుణ్ణి చెయ్యడం నా ఉద్దేశం కాదు. వియన్నా నుంచి రాసిన సొంత ఉత్తరాల్లో హోవర్డ్‌లోని తోటివాళ్ల గురించి నోరు జారారు. ఒక గొడవ ముదిరి ఆ ఉత్తరాలు పేపర్లో అచ్చయ్యాయి. పరువు పోయి 1932లో రాజీనామా చెయ్యాల్సి వచ్చింది. దేశమంతా ఉద్యోగాల్లేని రోజులవి. ఆ టైంలో రమ్మన్నది మళ్లీ బ్లాంచర్డే. డిపావ్‌కే రిసెర్చ్ ఫెలోగా వచ్చారు. ఒకప్పుడు బొగ్గు వేసిన ఊరికి డాక్టర్ జూలియన్‌గా.

అక్కడే ఆయన పేరు ప్రపంచానికి తెలిసింది. కాలబార్ అనే ఆఫ్రికా గింజలో ఫైసోస్టిగ్మైన్ అనే పదార్థం ఉంది. కంట్లో ఒత్తిడి పెరిగి చూపు పోయే నీటికాసుల జబ్బుకి, అంటే గ్లాకోమాకి, అది మందు. దాన్ని ల్యాబ్‌లో తయారుచెయ్యాలని జూలియన్, పిక్ల్ పని మొదలుపెట్టారు. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ రాబర్ట్ రాబిన్సన్ కూడా అదే పనిలో ఉన్నారు, తర్వాత నోబెల్ తీసుకున్న పెద్దమనిషి. ఆయన అప్పటికే పేపర్లు వేసేశారు. వీళ్లకి వచ్చిన పదార్థం ఆయన చెప్పినదానితో సరిపోలేదు. ఎవరో ఒకరు తప్పు. చిన్న కాలేజీలో పర్మనెంట్ ఉద్యోగం కూడా లేని మనిషి, రాబిన్సన్ తప్పని అచ్చులో రాశారు. పొరపాటైతే కెరీర్ అక్కడితో ఆఖరు. గింజలోంచి తీసినదీ తాము చేసినదీ ఒకే ఉష్ణోగ్రత దగ్గర కరగాలి, అదీ పరీక్ష. రెండూ ఒకచోటే కరిగాయి. 1935లో సింథసిస్ పూర్తయింది. మన భాషలో చెప్పాలంటే, ప్రపంచంలో బెస్ట్ అనుకున్న కోడ్‌లో బగ్ పట్టుకుని, టెస్ట్ కేస్ పాస్ చేసి చూపించారు.

ఇంత చేసినా డిపావ్ ఆయన్ని ప్రొఫెసర్‌గా తీసుకోలేదు. కారణం రంగే. డ్యూపాంట్ కంపెనీ పిక్ల్‌కి ఉద్యోగం ఇచ్చింది, జూలియన్‌కి ఇవ్వలేదు. విస్కాన్సిన్ రాష్ట్రంలో ఆపిల్టన్ అనే ఊళ్లో ఒక సంస్థ తీసుకుందామనుకుంది. నల్లజాతి వాళ్లు రాత్రిపూట ఊళ్లో ఉండకూడదన్న నియమం అడ్డొచ్చింది. ఆఖరికి 1936లో చికాగోలో గ్లిడెన్ అనే కంపెనీ సోయా విభాగానికి రిసెర్చ్ డైరెక్టర్‌గా పెట్టుకుంది.

అక్కణ్ణుంచి సోయా గింజతో ఆయన చేయని పని లేదు. కాగితానికి పూసే ప్రొటీన్ తీశారు. దాంతోనే నిప్పు ఆర్పే నురుగు తయారైంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడల్లో నూనె మంటలు ఆర్పి ఆ నురుగు ఎంతోమంది నావికుల ప్రాణాలు కాపాడింది. ఒకసారి లక్ష గాలన్ల సోయా నూనె ట్యాంకులోకి నీళ్లు లీకై అడుగున తెల్లటి పదార్థం పేరుకుంది. ఇంకొకరైతే నష్టం లెక్క కట్టి పారబోసేవాళ్లు. డిపావ్‌లో కాలబార్ గింజతో పనిచేసినప్పుడు అలాంటి తెల్లటి స్ఫటికాలే ఆయన చూసి ఉన్నారు. అవి స్టెరాల్స్, హార్మోన్ల తయారీకి ముడిసరుకు. ఆ యాక్సిడెంట్ దారిచూపితే ప్రొజెస్టిరాన్ లాంటి హార్మోన్లు పెద్ద ఎత్తున తయారయ్యాయి. 1949లో కీళ్లవాతానికి కార్టిసోన్ అద్భుతంగా పనిచేస్తుందని తేలింది, కానీ దాని ధర మామూలు మనిషికి అందదు. దాన్ని చవగ్గా చేసే దారుల్లో జూలియన్ వేసినవీ ఉన్నాయి.

ఇప్పుడైనా ఆ బల్ల దగ్గర కుర్చీ దొరికిందా? 1950లో చికాగో పక్కన ఓక్ పార్క్‌లో ఇల్లు కొన్నారు. చేరకముందే దానికి నిప్పుపెట్టాలని చూశారు. 1951లో పిల్లలు ఇంట్లో ఉండగా డైనమైట్ విసిరారు. రాత్రుళ్లు తండ్రీకొడుకులు ఇంటి ముందు కాపలా కాశారు. అదే ఊళ్లో అండగా నిలబడ్డ ఇరుగుపొరుగు కూడా ఉన్నారు, అది కూడా చెప్పాలి. అదే 1951లో చికాగోలో సైంటిస్టులని ఒక క్లబ్‌కి విందుకి పిలిచారు. పిలిచినవాళ్లలో జూలియన్‌ని మాత్రం లోపలికి రానివ్వమని క్లబ్ చెప్పింది. వయసు 52. వందకి పైగా మనుషులు చూసే స్టేజీ మీద కూర్చోబెట్టే స్థాయి, కానీ భోజనాల గదికి వచ్చేసరికి కథ మళ్లీ 1916లోనే ఉంది.

ఆయన ఇల్లు మారలేదు. 1953లో గ్లిడెన్ వదిలేసి సొంత కంపెనీ పెట్టుకున్నారు, జూలియన్ ల్యాబొరేటరీస్. వేరే చోట తలుపులు మూసుకున్న నల్లజాతి కెమిస్టులకి అక్కడ పని దొరికింది. 1961లో దాన్ని 20 లక్షల డాలర్ల పైచిలుకుకి అమ్మారు. 1973లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ సభ్యుడయ్యారు. నల్లజాతి వాళ్లలో రెండో వ్యక్తి. మొదటివాడు డేవిడ్ బ్లాక్‌వెల్, మన స్టాటిస్టిక్స్ పుస్తకంలో ఉండే రావ్-బ్లాక్‌వెల్ సిద్ధాంతంలో సి.ఆర్.రావు గారి పక్కన ఉన్న ఆ బ్లాక్‌వెల్లే. 1975 ఏప్రిల్ 19న జూలియన్ చనిపోయారు. డిపావ్‌లో సైన్స్ భవనానికి ఇప్పుడు ఆయన పేరు ఉంది.

వీటన్నిటికంటే నాకు నచ్చింది వేరే. ఆయన డిపావ్‌లో కుదురుకున్నాక, మిగతా పిల్లలు కూడా చదువుకోవాలని అమ్మానాన్న మాంట్‌గోమరీ వదిలి కుటుంబాన్ని గ్రీన్‌కాసిల్‌కే మార్చేశారు. తమ్ముళ్లూ చెల్లెళ్లూ అక్కడే చదివారు. ఫ్రాటర్నిటీ ఇంట్లో దొరకని బ్రదర్స్ అలా రైల్లో వచ్చారు. మొత్తం జీవితం చూస్తే ఆయన్ని నిలబెట్టినవి పెద్ద సంఘాలు కాదు. ఒక బ్లాంచర్డ్, ఒక పిక్ల్, వియన్నాలో కొన్ని ఇళ్లు, ఒక కుటుంబం. తలుపు తీసిన నలుగురైదుగురు.

ఇప్పుడు ఆగస్టు సంగతి. మా క్లబ్ ఇంటర్వ్యూ ప్యానెల్‌లో నేనున్నా. డిప్లొమా నుంచి లేటరల్ ఎంట్రీలో వచ్చిన ఒక జూనియర్ వచ్చాడు. వాళ్ల నాన్న కిరాణా కొట్టు కోసం అప్పుల ఖాతా యాప్ రాశాడు. డెమో కాదు, నిజంగా కొట్లో రోజూ వాడుతున్నారు. ఇంగ్లిష్‌లో వివరించమన్నాం. రెండు వాక్యాల తర్వాత ఆగిపోయాడు. కమ్యూనికేషన్ వీక్ అని షీట్‌లో రాసింది నేనే. మొత్తం మూడు నిమిషాలు కూడా పట్టలేదు. తెలుగు క్లబ్ మ్యాగజైన్‌కి వ్యాసాలు రాసే నేను, అతన్ని తెలుగులో చెప్పమని ఒక్కసారి కూడా అడగలేదు.

తర్వాత సెప్టెంబర్‌లో రాత్రంతా హ్యాకథాన్ పెట్టాం. వాలంటీర్లు కావాలంటే అతను వచ్చాడు. ఎక్స్‌టెన్షన్ బాక్సులు లాగాడు, వాటర్ క్యాన్లు మోశాడు, తెల్లారుజామున మాకందరికీ టీ తెచ్చాడు. మేం థ్యాంక్స్ తమ్ముడూ అన్నాం. గ్రూప్ ఫొటో దిగేటప్పుడు ఫోన్ అతని చేతికే ఇచ్చాం.

జూలియన్ అటక గురించి చదువుతుంటే నాకు ఆ ఫొటో గుర్తొచ్చింది. ఫొటోలో అతను లేడు, ఎందుకంటే తీసింది అతనే.

కోర్ టీమ్ మీటింగ్‌లో ఈ విషయం పెట్టా. కాసేపు వాదన జరిగింది. రేపు కంపెనీలు కూడా ఇంగ్లిష్‌లోనే అడుగుతాయి కదా అన్నారు, అది అబద్ధం కాదు. చివరికి ఫారంలో ఆ కాలమ్ తీసేసి, ఇంటర్వ్యూ తెలుగులో కూడా ఇవ్వొచ్చని ఒక లైన్ చేర్చాం. అతని దగ్గరికి వెళ్లి సారీ చెప్పి మళ్లీ రమ్మన్నా. సెమ్ ఎగ్జామ్స్ అయ్యాక చూస్తా అన్నా అని నవ్వి వెళ్లిపోయాడు. వస్తాడో రాడో తెలీదు. రాకపోతే తప్పు అతనిది కాదు.

మీ క్లబ్‌ల గ్రూప్ ఫొటోలు ఒకసారి తెరిచి చూడండి. అందులో ఎవరున్నారో మీకు తెలుసు. ఆ ఫొటో తీసింది ఎవరో గుర్తుందా?